బెల్లు కొట్టినా లేవని బంతి

గుడివాడలో మా అమ్మాయి చదివే ఇంగ్లీషు మీడియం స్కూల్లో మధ్యాహ్నం లంచ్ పావుగంట. చేతులు కడుక్కోవడానికి లైను, ఆ పైన ప్రార్థన, అన్నీ అందులోనే. నాలుగో తరగతి చదివే మా పిల్లది అన్నం తినడంలో జమీందారీ పద్ధతి. ఒక్కో ముద్దనీ ఆప్యాయంగా చూసుకుని గానీ నోట్లో పెట్టుకోదు. పప్పన్నం సగం, పెరుగన్నం మొత్తం రోజూ ఇంటికి తిరిగొచ్చేవి. ఒకనాడు క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయిందని ఫోనొచ్చింది.

స్కూలు గేటు దగ్గర ఆరోజు నేను అరిచిన అరుపులకి ఆటోవాళ్ళు కూడా హారన్లు ఆపేశారు. "మీలాంటివాళ్ళే కావాలండీ" అంటూ తోటి తల్లిదండ్రులు నన్ను కొత్తగా పెట్టిన పేరెంట్స్ కమిటీలోకి తోశారు. నా కోపం గేటు బయటివరకేనని వాళ్ళకు తెలియదు. లోపలికెళ్ళాక ఎవరైనా "రండమ్మా, కూర్చోండి" అన్నారంటే నా నోరు పెగలదు.

మీటింగు రోజు పొద్దున బాక్సు సర్దుతుంటే మా అమ్మాయి "లంచ్ గురించి చెప్తావుగా అమ్మా?" అంది. "చెప్పకేం, కడిగేస్తాను చూడు" అన్నాను.

కరస్పాండెంట్ గారు ఏసీ గదిలో కూర్చోబెట్టి మాకందరికీ శాలువాలు కప్పారు. మా వైపు మనిషి నోరు మూయించడానికి గొడవపడనక్కర్లేదు, శాలువా కప్పితే చాలు. "స్కూలు మీది. ఏమున్నా మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారాయన. స్కూలు బస్సు సంగతి తేల్చేస్తానని మొవ్వ నుంచి మీసం తిప్పుకుంటూ వచ్చిన చేపల చెరువులాయన లేచి నిలబడ్డాడు. "తమరు ఎలా చేస్తే అలాగేనండీ" అని కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. "అంతా బాగానే ఉందండీ" అన్న మాట నా గొంతులోంచే వచ్చింది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత భోజనాలు. పిల్లలతో కలిసి కమిటీ భోంచేస్తున్నట్టు ఫొటో కావాలని కరస్పాండెంట్ గారికి సరదా. భోజనాల షెడ్డులో పిల్లలు బాక్సులు పెట్టుకుని కూర్చునే పట్టాల మీదే, వాళ్ళ పక్కనే మాకు విస్తళ్ళు వేయించి, తానూ ఒక విస్తరి ముందు కూర్చున్నారు. పులిహోర వడ్డించారు. గోంగూర పప్పు వచ్చింది. వద్దన్నకొద్దీ నెయ్యి పోశారు. చేపల చెరువులాయన ఆవకాయ కలుపుతుండగా బెల్లు కొట్టారు.

పిల్లలంతా టపటపా మూతలు పెట్టేసి లేచారు. నాకెదురుగా మా అమ్మాయి కూడా లేచింది. నోట్లో ముద్ద ఇంకా ఉంది. నా భుజం మీది శాలువా వంక ఒకసారి చూసి తల దించుకుంది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"మీరు కానివ్వండమ్మా, బెల్లు పిల్లలకి" అన్నారు కరస్పాండెంట్ గారు.

నేను ఎంగిలి చేత్తోనే లేచాను. "బంతి లేచిపోయిందిగా అండీ, నేనొక్కదాన్నే ఎలా తింటాను?"

సగం విస్తరి దగ్గర అతిథి లేచిందంటే మా ఊళ్ళలో పెళ్ళిళ్ళే ఆగుతాయి. నన్ను చూసి కమిటీ మొత్తం లేచింది. చేపల చెరువులాయన ఆవకాయ ముద్దను బాధగా చూస్తూ అందరికన్నా ఆఖర్న లేచాడు. ఫొటోగ్రాఫరు అదే సమయమనుకుని ఫ్లాష్ కొట్టాడు.

"అయ్యయ్యో, అదేంటమ్మా! మా పరువు తీస్తారా? కూర్చోండి!" కరస్పాండెంట్ గారి మొహం పాలిపోయింది.

"పిల్లలు కూర్చుంటే కూర్చుంటానండి. నా కూతురు ఇదే స్కూల్లో ఆకలితో పడిపోయింది" అన్నాను. ఈసారి నా నోరు పెగిలింది.

ఆయన మమ్మల్నీ, కెమెరానీ మార్చి మార్చి చూశారు. "కూర్చోండర్రా, తినండి" అన్నారు పిల్లలతో, నీరసంగా.

మూతలు మళ్ళీ తెరుచుకున్నాయి. మా విస్తళ్ళు ఖాళీ అయ్యాయి. మిగతా పిల్లల బాక్సులూ ఖాళీ అయ్యాయి. మా అమ్మాయి ఇంకా పెరుగన్నంలోనే ఉంది. బంతిలో ఒక్కరు తింటున్నా మిగతావాళ్ళు లేవకూడదు కనుక అందరం చేతులు ఎండబెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాం. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

ఆఖరి ముద్ద అయింది. కరస్పాండెంట్ గారు హమ్మయ్య అని లేవబోయారు.

"సర్, ఇంకా దానిమ్మ గింజలున్నాయి" అంది మా అమ్మాయి బాక్సులో రెండో అర తెరుస్తూ.

ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకొకటి తీసింది. కరస్పాండెంట్ గారు మళ్ళీ కూలబడి, గుమ్మంలో ఉన్న ప్యూనును పిలిచి, రేపట్నుంచి లంచ్ ముప్పావుగంట అని చెప్పారు.