తాత కంప్రెసర్ గాలి పట్టింది

మా గల్లీ తాత పోయిండు. ఆదివారం పొద్దుగాల చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగిండు. అవ్వ లేపితె లేవలే. లింబాయత్‌ల ఉన్నోళ్లకు తెలిసే ఉంటది. ఊరికి పోయినోళ్లకు, జోల్వా దిక్కు పని దొరికి పోయినోళ్లకు తెల్వాలని గ్రూపుల రాస్తున్న. నాకు నలుగుట్ల మాట్లాడరాదు, మీకు తెల్సు గదా. ఫోన్‌ల అయితె రాస్త. తప్పులుంటె ఏమనుకోకున్రి.

కానీ ఇది ఉత్త ఏడుపు మెసేజ్ కాదు. ఇయ్యాల ఒకటి అయింది. కడుపుల ఆగుతలేదు. అయితె మొదటిసంది జెప్పాలె, లేకుంటె సమజ్ కాదు.

తాత నాకు సొంత తాత కాదు, పక్కింటాయన. సిరిసిల్ల దిక్కు నుంచి ఈడికచ్చి బతుకంత బట్ట నేసే సాంచాల కార్ఖానల చేసిండు. ఆడ కంప్రెసర్ ఆయన చేతిల ఉండె. సాంచాల మీద పడ్డ నూలు దుమ్మును గాలితోని ఊదుడు ఆయన పని. షిఫ్టు అయినంక పనోళ్లందర్ని తలుపు కాడ లైన్ల నిలబెట్టేటోడు. "చేతులు సాపున్రి, కండ్లు మూస్కోన్రి" అని ఒక్కొక్కల మీద మెల్లగ గాలి కొట్టేటోడు. తలకాయ మీద, అంగి మీద, లాగు మీద. మా బాపు గూడ గా లైన్ల నిలబడ్డోడే. ఎవలన్న తొందరున్నదంటె తాత ఒకటే మాట అనేటోడట: "దుమ్ము ఇంటికి తీస్కపోతె దగ్గేది నువ్వు గాదు, నీ బిడ్డ."

కార్ఖాన బందయింది. సేటు పాత కంప్రెసర్‌ను తాతకిచ్చిండు. తాత దాన్ని టెంపోల ఏస్కచ్చి ఇంటి ముంగట దించిండు. గల్లీ మూలకు పెట్టి, పని మీదికెల్లి అచ్చేటోళ్లందరికి గాలి కొడ్త అన్నడు. కానీ అది నడుస్తెనా! పిస్టన్ పట్టేసింది. చక్రం కదలదు. ట్యాంకంత తుప్పు.

తాత కొడుకును నేను మామ అంట. మామ రోజు లొల్లే.

"బాపూ, నా బండి యాడ పెట్టాలె? గీ తుక్కు డబ్బను భంగార్‌ల ఎయ్యి."

"నీ బండి రోడ్డు మీద పెట్టురా. దాని మొకం జూసి ఎవ్వడు ఎత్కపోడు."

నేను దూరం నిలబడి సూసేటోన్ని. ఒకనాడు తాత పిలిచి బోల్టులు ఇప్పే పానా నా చేతిల పెట్టిండు. "మాట్లాడవు గదా, మంచిదే. ఇది చెవుల పని" అన్నడు. నా గురించి ఎవ్వలు గట్ల అనలే అప్పటిదాంక.

సిలిండర్ల డీజిల్ పోసి పెట్టినం. నేను సుత్తె పట్టుకుంటె తాత గుంజుకున్నడు. "కొడితె దానికి కోపమస్తది, ఇంక బిగుస్తది. రోజు జరంత అడుగు, అంతే." రోజు సాయంత్రం చక్రం మీద ఇద్దరం చేతులేసి అడిగినం. ఎన్ని రోజులో యాది లేదు. ఒకనాడు కిర్రుమని ఇంత కదిలింది! నేను గెంత గట్టిగ ఒర్రిన్నంటె మా అమ్మ చపాతీ కర్ర పట్టుకొని ఉరికచ్చింది, ఎవలన్న కొడుతున్నరేమో అని.

రింగులు కతర్‌గామ్ దిక్కు పాత సామాన్ల దుకాణంల దొరికినయ్. గ్యాస్‌కిట్ మేమే కోసినం. ట్యాంకు గట్టిగున్నదా అని సూసేటందుకు తాత గాలి నింపనియ్యలే, అంచుదాంక నీళ్లు నింపి చేతి పంపుతోని ఇంకింత నీళ్లు ఒత్తిచ్చిండు. "గాలితోని పగిలితె బాంబు. నీళ్లతోని పగిలితె కాళ్లు తడుస్తయ్." మామ అటుకెల్లి పోతా "ఏంది, నీళ్లు తాపుతున్రా? ఉప్మా గూడ పెట్టున్రి" అన్నడు. ఒక్క చుక్క కారలే! తాత ట్యాంకును బర్రెను తట్టినట్టు తట్టిండు.

ఇగ మోటర్‌కు వైర్లు కలుపుడు, మోటర్‌కు చక్రానికి నడుమ పట్టా ఎక్కిచ్చుడు మిగిలింది. ఆదివారం స్టార్ట్ చేద్దామన్నడు. ఆదివారమే పోయిండు.

మామ భంగారోన్ని పిలిచిండు. తప్పు ఆయనది గూడ కాదు. దినాలకు చుట్టాలస్తరు, టెంట్ ఎయ్యాలె, జాగ లేదు. ఇయ్యాల పగటీలి టెంపో అస్తది అన్నడు. నేను అద్దని జెప్పాలె. నోరు లేస్తెనా.

ఇయ్యాల పొద్దుగాల డాబా మీద పిట్టకు పెట్టిన్రు. తెల్వనోళ్లకు జెప్త, పోయినోళ్లకు ఇష్టమైనయ్ అన్నీ ఇస్తార్ల పెడ్తరు. కాకి అచ్చి ముట్టాలె. ముట్టకుంటె పోయినాయనకు ఏందో ఫికర్ ఉన్నట్టు. వడలు పెట్టిన్రు, కోడికూర పెట్టిన్రు, చాయ్ పెట్టిన్రు. కాకి లేదు. పావురాలే అస్తున్నయ్. పోరగాండ్లు ఎల్లగొడ్తున్నరు.

మామ దండం పెట్టి "బాపూ, అమ్మను మంచిగ సూసుకుంట" అన్నడు. రాలే. "అక్కను మంచి చెడ్డకు తోల్కస్త" అన్నడు. కాకి పక్క బిల్డింగ్ మీద కూసుండి సూస్తుంది, అస్తలేదు. ఎండకు అందరి మాడు కాలుతుంది.

అప్పుడు అవ్వ అన్నది. "మా ఫికర్ ఆయనకెక్కడిదిరా. ఆయన పానమంత గా డబ్బ మీదనే ఉండె."

అందరు నా దిక్కు సూసిన్రు. అంతమంది! కానీ భంగారోడు అస్తున్నడు. ఇప్పుడు జెప్పకుంటె ఇంకెప్పుడు?

"తాతా, అది నడుస్తది. నేను నడిపిస్త. భంగార్‌ల ఎయ్యనియ్య."

నా గొంతు నాకే కొత్తగ ఇనిపిచ్చింది. మామ మొకం సూడలే. కింద ఇస్తారి దిక్కే సూసిన. గప్పుడు రెక్కల సప్పుడయింది. కాకి దిగింది. వడ పట్టుకొని ఎగిరిపోయింది!

మామ కాకి పోయిన దిక్కు సూసి, "పోయినంక గూడ జిద్దేనా బాపూ" అన్నడు. నవ్విండో ఏడ్సిండో తెల్వదు. జేబులకెల్లి ఫోన్ తీసి భంగారోన్ని రావద్దన్నడు. నాతోని అన్నడు, "కాకి ముంగట మాటిచ్చినవ్. ఇగ నడువకుంటె నీ పని జెప్త."

పగటీలి పట్టా ఎక్కిచ్చి, వైర్లు కలిపిన. స్విచ్ ఏసిన. తిరిగింది! తాత యాదికచ్చిండు. చక్రం ఆకులే ఫ్యాన్ అని, గాలి సిలిండర్ దిక్కు పోవాలని, లేకుంటె సిలిండర్ కాలిపోతదని ఎన్కట జెప్పిండు. నూలు పోగు చక్రం ముంగట పట్టిన. పోగు ఉల్టా నా దిక్కు అచ్చింది, అంటె చక్రం ఉల్టా తిరుగుతుంది. బంద్ చేసి, రెండు వైర్లు మార్సి మళ్ల ఏసిన. ఈసారి పోగు సిలిండర్ దిక్కు సాపుగ లేసింది. జాయింట్లకు సబ్బు నీళ్లు పెట్టి, బుడగలు అచ్చిన కాడ బిగిచ్చిన. మీటర్ ముల్లు ఎక్కుతుంది, ఎక్కుతుంది, ట్యాంకు నిండంగనే మోటర్ టప్పుమని దానంతట అదే ఆగింది. ముల్లు కింద పడలే! గాలి పట్టింది తాతా!

సాయంత్రం షిఫ్టు నుంచి అచ్చేటోళ్లు గల్లీ మూలకు ఆగిన్రు. మా బాపు ముంగట నిలబడ్డడు. ఎన్కాల ఒక్కొక్కలు లైన్ కట్టిన్రు. నేను జెప్పకముందే అందరు చేతులు సాపి కండ్లు మూస్కున్నరు. మెల్లగ కొట్టిన, తాత లెక్క. తెల్లగ దుమ్ము లేస్తుంటె ఇండ్లల్లకెల్లి పోరగాండ్లు అచ్చి సూస్తున్నరు.

లైన్ అయిపోయింది అనుకున్న. ఆఖరికి మామ అచ్చి నిలబడ్డడు. మూడు రోజులాయె పనికి పోక. అంగి మీద పోగు గూడ లేదు.

"మామా, నీ మీద ఏం లేదు గదా."

"కొట్టురా."

కొట్టిన. తల మీద, అంగి మీద, లాగు మీద. గాలి ఆపిన. మామ కండ్లు తెరువలే, చేతులు దించలే. అందరి మీదికెల్లి లేసిన దుమ్ము ఇంకా గాలిల్నే ఉంది, ఎండల మెరుసుకుంట మెల్లగ మామ చేతుల మీద దిగుతుంది.