ఎడమ సీట్లో కూర్చున్నది నేనే

మేం డాక్టరీ చదివే కాలంలో మాకు దూరమంటే భయం ఉండేది కాదు. ధైర్యం వల్ల కాదు, దూరం ఎంతో తెలియకపోవడం వల్ల. సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ బస్సు ప్రయాణానికే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకున్న నేను, రష్యాలో హాస్టల్ గోడ మీది పటానికి ఒక చివర బొటనవేలు, ఇంకో చివర చిటికెనవేలు ఆనించి, "జానెడు గూడ లేదు గదరా" అన్నాను. బొటనవేలు వోల్గా ఒడ్డున మేం చదువుకునే ఊరి మీద ఉంది. చిటికెనవేలు బైకాల్ సరస్సు మీద ఉంది. (మధ్యలో ఉన్నదంతా నా అరచేయే కాబట్టి అందులో ఏముందో అప్పుడు కనబడలేదు. తర్వాత రోజుల తరబడి కనబడింది.)

ఆ ప్రయాణం కథ నా నోట వినని మనిషి కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ దాకా తక్కువే. పెళ్లిళ్లలో చెప్పాను, రైల్లో చెప్పాను, ఇంజెక్షన్‌కు భయపడే పేషెంట్లకు సూది గుచ్చుతూ చెప్పాను. కథంతా నిజమే, ఒక్క ముక్క తప్ప. ఆ ఒక్క ముక్క వల్ల నా దోస్తు ఒకడు చాలా ఏళ్లు తన సొంత కారులో ఎడమ పక్కనే కూర్చున్నాడు. అందుకే ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మేం ముగ్గురం. ఆసిఫాబాద్ వాడు లంబూ, పేరుకు తగ్గ పొడుగు. వాళ్ల బాపు లారీ డ్రైవర్. కొడుకు డాక్టర్ కావాలన్నది బాపు కోరిక. కొడుక్కి మాత్రం స్టీరింగ్ అంటే ప్రాణం. అనాటమీ పరీక్ష ముందు రోజు కూడా కిటికీలోంచి కింద ఆగిన ట్రక్కు గేరు ఎలా పడుతుందో చెవి పెట్టి వినేవాడు. రెండోవాడు లక్సెట్టిపేట సేటు. వాళ్ల నాయనకు గాజుల దుకాణం ఉండేది కాబట్టి ఆ పేరు. సగం తెలుగు, సగం ఉర్దూ మాట్లాడేవాడు, మిగిలిన సమయం పడుకునేవాడు. మూడోవాణ్ని నేను. నన్ను రేడియో అనేవాళ్లు. ఎందుకో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

బైకాల్ దాకా పోయి రావడానికి మేం కొన్నది జపాన్ నుంచి వచ్చిన పాత కారు. రష్యా తూర్పు కొస నుంచి వచ్చిన ఒక సీనియర్ దాన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడు. అందులో స్టీరింగ్ మన దేశంలో లాగా కుడి పక్కన ఉంది. లంబూ దాన్ని చూసి, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. మాకెవరికీ తట్టని సంగతి ఏమిటంటే, కారు మనదిలా ఉన్నా రోడ్డు మనది కాదు. అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి. ముందు ఒక ట్రక్కు పోతుంటే, దాన్ని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో కుడి పక్క కూర్చున్న డ్రైవర్‌కు కనబడదు. ఎడమ సీట్లో కూర్చున్నవాడికి కనబడుతుంది. మొదటి గంటలోనే ఈ సంగతి తెలిసొచ్చింది. సేటు వెనక సీట్లో మామిడికాయ తొక్కు సీసాను పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. లంబూ మాత్రం ఏం కంగారు పడలేదు.

"పరేషాన్ గాకు రేడియో. మా బాపు లారీల క్లీనర్ ఎట్ల కూసుంటడో నువ్వట్ల కూసో. తల బయటవెట్టి సూడు. రోడ్డు ఖాళీ ఉంటె డోర్ మీద రెండు దెబ్బలు కొట్టు, పోత. బండి అస్తుంటె ఒక్కటి కొట్టు, ఆగుత."

అలా డాక్టరీ నాలుగో ఏడు చదువుతున్న నేను లారీ క్లీనర్‌గా చేరిపోయాను. చెప్పుకుంటే సిగ్గు గానీ, ఆ పని నాకు భలే నచ్చింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి కిటికీ మీద ఆనించి, మెడ బయటికి చాచి, అరచేత్తో డోర్ మీద రెండు దరువులు వేస్తే కారు ఎగిరి ముందుకు దూకేది. దాటిపోయే ట్రక్కు డ్రైవర్లు, డ్రైవర్ ఉండాల్సిన పక్కన స్టీరింగ్ లేకుండా కూర్చుని తలుపు బాదుతున్న నల్లటి మనిషిని చూసి నోరు తెరిచేవాళ్లు. నేను వాళ్లకు దండం పెట్టేవాణ్ని. ఉరల్ కొండలు అలాగే దాటాం. (కొండలంటే మా సేటు మా వైపు కేరిమెరి ఘాట్ మలుపుల్లాంటివి ఊహించుకున్నాడు. ఎప్పుడొస్తాయని అడుగుతుండగానే అవి అయిపోయాయి.) రాత్రి పూట బండి నడపకూడదని లంబూ ఒట్టు. పొద్దు గుంకితే ఎక్కడో పెట్రోల్ బంకు పక్కన ఆపి, అన్నం వండి, ముగ్గురం ఒకే గిన్నెలో కలుపుకుని తినేవాళ్లం. అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడు తిన్నానా అని ఇప్పుడు ఆలోచిస్తే గుర్తుకు రావడం లేదు.

ఓమ్స్క్ దాటాక రోడ్డు ఇస్త్రీ పెట్టినట్టు చదునుగా అయిపోయింది. రెండు పక్కలా తెల్ల చెట్లు, గడ్డి, బురద నీళ్లు, వాటి మీద మబ్బుల్లా దోమలు. మధ్యాహ్నం వేళ. గడ్డి మోపులు ఎత్తిన ఒక ట్రాక్టర్ ముందు పోతోంది. ఎదురుగా చాలాసేపటి నుంచి ఒక్క బండీ రాలేదు, కాబట్టి ఇక రాదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ సమయంలో నేను ఏం చేస్తున్నానంటే, సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి మోకాళ్ల మీద నిలబడి, నల్ల రొట్టె మీద తొక్కు పూసుకుంటూ, సేటుకు ఒక కథ చెబుతున్నాను. ఏం కథో గుర్తులేదు. మంచి పట్టులో ఉందని మాత్రం గుర్తుంది. లంబూ "రేడియో, పోనా?" అని అడిగాడు. కథ ఆపడం ఇష్టం లేక, రోడ్డు వైపు చూడకుండానే, డోర్ మీద రెండు దెబ్బలు కొట్టాను.

ఎదురుగా దుంగల లారీ వస్తోంది.

లంబూ ఏం చేశాడో నేను చూడలేదు, నా మొహం సేటు వైపు ఉంది. వెనక్కి వచ్చే దారి లేక కారును ఎడమకు కోసి, రోడ్డు కట్ట దింపి, ఆ లారీకి దారి వదిలేశాడని తర్వాత తెలిసింది. కారు మెత్తగా జారుకుంటూ పోయి బురదలో డోర్ల దాకా కూర్చుంది. ఎవరికీ గీత పడలేదు. ఆ క్షణంలో అంత పని చేయగలిగిన డ్రైవర్ మా ముగ్గురిలో అతనొక్కడే, బహుశా ఆ రోడ్డంతటి మీదా అతనొక్కడే. నా కథలో పట్టు ఎంత ఉందో తెలియదు గానీ సేటు అది వింటూ ఎప్పుడో నిద్రపోయాడు. కళ్లు తెరిచి, చుట్టూ నీళ్లు చూసి, నెమ్మదిగా "బైకాల్ అచ్చిందా?" అన్నాడు.

ట్రాక్టర్ ఆపి ఒక ముసలాయన దిగాడు. మా తాత వయసు, ఎర్రటి మొహం. గొలుసు కట్టి, తిట్టుకుంటూ, మా కారును పైకి లాగాడు. లాగాక మా ముందు నిలబడి, ఎలా జరిగిందని గద్దించాడు. ముగ్గురిలో రష్యన్ గడగడా వచ్చేది నాకే. మోకాళ్ల దాకా బురద, చేతిలో ఇంకా తొక్కు పూసిన రొట్టె ముక్క. ఆయన చూపు నా మీద ఉంది. నా నోరు నన్ను అడక్కుండానే చెప్పేసింది: డ్రైవర్‌కు కునుకు పట్టిందండీ.

లంబూ అప్పుడు వంగి బురదలో తన చెప్పు కోసం వెతుకుతున్నాడు. తలెత్తి నా వైపు ఒకసారి చూశాడు. మళ్లీ చెప్పు వెతుక్కున్నాడు.

దానికి శిక్ష వెంటనే పడింది, నాకు కాదు. ముసలాయన కారు తాళం తన జేబులో వేసుకుని, మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్లి, ఈ పొడుగాయన కంటినిండా నిద్రపోయేదాకా తాళం ఇవ్వనన్నాడు. గడ్డి మీద దుప్పటి పరిచి లంబూను పడుకోబెట్టారు. రాత్రంతా హాయిగా నిద్రపోయి లేచిన మనిషి, పట్టపగలు, రవ్వంత నిద్ర రాకపోయినా కళ్లు మూసుకుని పడుకోవాలి. అవ్వ ఒకతె పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని ఏదో అల్లుతూ, వాడు కన్ను తెరిస్తే చాలు "ష్" అనేది. ఈలోగా నేనూ సేటూ ఆ ఇంటి బల్ల దగ్గర వేడి వేడి అట్లు, మీగడ, ఉడికిన ఆలుగడ్డలు తిన్నాం. వాసన లంబూ దాకా పోయే ఉంటుంది. సాయంత్రం తాళం చేతికొచ్చాక, కారు నడుపుతూ వాడన్న మాట ఒక్కటే: "అట్లు మంచిగుండెనారా?"

బైకాల్ చూశాం. అంత నీళ్లు చూసి సేటు బట్టలతోనే దిగాడు, దిగినంత వేగంగా బయటికి వచ్చి కాసేపు ఉర్దూలో దేవుణ్ని పిలిచాడు. కానీ హాస్టల్‌కు తిరిగొచ్చాక అందరూ అడిగింది బురద గురించే. నేను చెప్పాను. లంబూ గుర్రు పెట్టడం చేర్చాను. ఇంకోసారి చెప్పినప్పుడు కలవరింత చేర్చాను. జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు, లంబూ కూడా నవ్వేవాడు. వాడు నవ్వుతున్నాడు కాబట్టి తప్పు లేదనుకున్నాను.

చదువు ముగించి దేశం తిరిగొచ్చిన కొన్నాళ్లకు లంబూ పెళ్లి ఆసిఫాబాద్‌లో జరిగింది. పెళ్లికూతురు ఆదిలాబాద్ అమ్మాయి, బడి పంతులమ్మ. భోజనాల దగ్గర ఆమె ముందే కథ ఎత్తుకున్నాను. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. "అన్నా, అయితె ఈయన బండి నడుపుకుంట పండుకుంటడా?" అని అడిగింది. అవునన్నాను. పక్క బంతిలో లంబూ వాళ్ల బాపు చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "నేనట్ల నేర్పలే," అన్నాడు ఎవరితోనూ కాకుండా. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. నోరు విప్పడం తప్ప ఇంకేమీ రాని వాణ్ని, ఆ ఒక్కసారి పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత లంబూ పిల్లల డాక్టర్ అయ్యాడు, కారు కొన్నాడు. స్టీరింగ్ ఆమెది. వాడు ఎడమ పక్కన మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలించుకుని కూర్చునేవాడు. ఎప్పుడు కలిసినా ఆ దృశ్యం చూసి నేనే ముందు నవ్వేవాణ్ని. ఈ మధ్య ఏళ్లలో ఆ నవ్వు సగంలో ఆగిపోవడం మొదలైంది. ఒకసారి వాళ్ల ఇంటి ముందు, కారు కడిగి, ఎవరూ చూడట్లేదనుకుని, వాడు డ్రైవర్ సీట్లో కాసేపు ఊరికే కూర్చుని దిగడం చూశాను. ఇంజన్ కూడా ఆన్ చేయలేదు.

పోయిన చలికాలం మేం ముగ్గురం, ఆమె, కలిసి ఉట్నూర్ వైపు పోయి వస్తూ కేరిమెరి ఘాట్ మొదలయ్యే ముందు ఒక హోటల్ దగ్గర చాయ్ తాగాం. ఆమె అలవాటుగా తాళం వేలికి తిప్పుతోంది. నేను చాయ్ కప్పు కింద పెట్టి చెప్పేశాను. రెండు దెబ్బలు, దుంగల లారీ, కునుకు మాట, అన్నీ. జీవితంలో నవ్వించకుండా ఆ కథ చెప్పడం అదే మొదటిసారి. సేటు నా వైపు చూసి, "యార్, నన్ను గూడ ఇన్నేండ్లు నమ్మిపిచ్చినవ్," అన్నాడు. (వాడు కారులోనే ఉన్నాడని మనవి.)

"నువ్వెందుకు చెప్పలేదురా?" అని లంబూను అడిగాను.

"ఏం జెప్పాలె? స్టీరింగ్ నా చేతిలనే ఉండె. మా బాపు తప్పెన్నడు క్లీనర్ మీద పెట్టలే," అన్నాడు. చాయ్ ఊదుకుని, "అందుల నువ్వు చెప్తుంటె మంచిగ నవ్వొస్తుండె," అన్నాడు.

ఆమె కోపంగా ఏమైనా అంటుందని తల వంచుకుని కూర్చున్నాను. ఆమె నాకు ఇంకో చాయ్ చెప్పింది.

"అన్నా, నీ కథ లేకుంటె కొత్త కోడలికి కారు నేర్పుతుండెనా ఎవరన్న? కొడుకు మీద భరోస లేక మా మామనే పాత జీపు తీసి నాకు నేర్పిండు. పొద్దున పొద్దున ఇద్దరం పోయేటోళ్లం. గా జీపు మీదనే నేను మారుమూల బడులన్ని తిరిగిన." తాళం పిడికిట్లో దాచుకుంది. "ఇన్నేండ్లకచ్చి నిజం చెప్పి నా స్టీరింగ్ గుంజుకుంటవా?"

ఇన్నాళ్లు నేను మోసిన అబద్ధం ఆమెకు అలా పనికొచ్చిందని విని సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. లంబూ కూడా ఆ మాట మొదటిసారి విన్నట్టున్నాడు. తాళం ఉన్న ఆ పిడికిలి వైపు చూసి, పిల్లవాడు అడిగినట్టు, "ఇంటిదాక ఇయ్యరాదు," అన్నాడు.

ఆమె కొంతసేపు వాణ్ని చూసింది. "ఇంటిదాకనే," అని తాళం వాడి చేతిలో పెట్టింది.

వాడు సీటు వెనక్కి జరుపుకున్నాడు, అద్దాలు తిప్పుకున్నాడు, మళ్లీ తిప్పుకున్నాడు. ఘాట్ ఎంత నెమ్మదిగా దాటాడంటే, పత్తి ఎత్తిన ఎడ్లబండ్లు మాతో సమంగా నడిచాయి. ఒక్క మలుపులో కూడా కారు కుదపలేదు. ఎడమ సీట్లో ఆమె మొదట బ్రేకు తొక్కినట్టు కాళ్లు బిగించి కూర్చుంది, కొంతదూరం పోయాక కాళ్లు వదులు చేసుకుంది. సేటు నిద్రపోయాడు. ఆసిఫాబాద్ వచ్చింది. వాళ్ల ఇంటి మలుపు వచ్చింది. లంబూ దాన్ని చూశాడు, తిప్పలేదు. నేరుగా పోతూనే ఉన్నాడు. ఆమె ఏదో అనబోయి, కిటికీలోంచి బయటికి చూడసాగింది. మలుపు దాటిపోయిందని నేనూ చూశాను. చెప్పలేదు. మాట్లాడకుండా కూర్చోవడంలో ఇంత హాయి ఉందని యాభైకి దగ్గర పడ్డాక తెలిసిందే అని, వెనక సీట్లో ఒక్కణ్నే నవ్వుకున్నాను.