పదిహేడో ఫొటోలో నలుసు

2024 మే నెల. నాచారం పారిశ్రామికవాడలో, ఒక పచ్చళ్ళ ఫ్యాక్టరీ వెనక సందులో మా ల్యాబు. పెళ్ళి ఆల్బమ్‌లు ప్రింటు చేస్తాం. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల ఏసీ ఉన్నది మెషీన్ గదికి ఒక్కదానికే, అదీ మా కోసం కాదు, ప్రింటరు కోసం. ఆ గదిలో పదేళ్ళుగా నా పని కలర్ కరెక్షన్. అంటే ఫొటోగ్రాఫర్లు పంపిన ఫొటోలను ప్రింటుకు ముందు సరిచేయడం. హాల్లో లైట్ల కింద పచ్చకామెర్లు వచ్చినట్టున్న పెళ్ళికూతురిని మళ్ళీ మామూలు మనిషిని చేయాలి. మామగారి బట్టతల మీద మెరుపు తగ్గించాలి. ఆ తర్వాత స్పాటింగ్. కెమెరా లోపల సెన్సార్ మీద దుమ్ము పడితే ఫొటోలో నల్ల చుక్కలు, వెంట్రుకల్లాంటి గీతలు వస్తాయి. బియ్యంలో రాళ్ళేరినట్టు వాటిని ఏరి తుడిచేయడమే స్పాటింగ్.

ఈ పనిలో నాకు పేరుంది. రజిత చేతిలో పడ్డ ఫొటోలో నలుసు మిగలదని ఉప్పల్ నుంచి మల్కాజిగిరి దాకా స్టూడియోల వాళ్ళు అంటారు. అలా పేరున్న నేను ఆ మే నెలలో ఒక ఫొటోను పాడుచేశాను. చేత కాక కాదు. అసూయతో. ముందే చెప్పేస్తున్నాను, నన్ను మంచిదాన్ననుకుని చదవకండి.

ఒక మధ్యాహ్నం మెర్సీ వచ్చింది. చేతిలో చిన్న హార్డ్ డిస్కు, ముఖం నిండా నవ్వు.

"అక్కా, ఇరవై రెండు ఫొటోలు. వచ్చే శనివారం హబ్సిగూడల ఎగ్జిబిషన్. మనోళ్ళు నా ఫొటోలు సూసుడు ఇదే మొదటిసారి. ఢిల్లీ నుంచి పుస్తకాలేసే ఆయన గూడ వస్తుండు. నచ్చితె బుక్కేస్తా అన్నడు. ఏడనన్న ప్రింటు చేయించుకోవచ్చు గని, నీ చెయ్యి పడాలె."

"గంత పెద్ద ఫొటోలకు నా చెయ్యెందుకే?" అన్నాను. తను దాన్ని వినయమనుకుంది.

మెర్సీది జనగామ దగ్గర ఊరు. ల్యాబుకు రాకముందు నేను ఉప్పల్‌లో ఒక స్టూడియోలో పెళ్ళిళ్ళకు కెమెరా పట్టేదాన్ని. అక్కడికి తను కొత్తగా చేరింది. పని నేర్పింది నేనే. చర్చి పెళ్ళిలో తెల్లగౌను తీస్తే బూడిదరంగులో వస్తుంటే, తెలుపు ఎక్కువున్న చోట కెమెరా లెక్కను నమ్మొద్దు, ఎక్స్‌పోజర్ నువ్వే ఒకటిన్నర స్టాపు పెంచు, అంటే వెలుతురు కాస్త ఎక్కువ పోనివ్వు అని చెప్పాను. భోజనాలు కాగానే కెమెరా సర్దుకుని బస్సెక్కబోతే చెయ్యి పట్టి ఆపింది కూడా నేనే.

ఇంకో సంగతి ఉంది. నా కడుపుమంటంతా అక్కడే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు ముందేసుకుని స్టూడియో కంప్యూటర్లో కుక్కల స్లెడ్ రేసుల వీడియోలు చూసేవాళ్ళం. ఉత్తరాన, ఊళ్ళు కూడా లేని మంచులో, ఒక మనిషి, చక్రాల్లేని ఒక బండి, దాన్ని లాగే పది పన్నెండు కుక్కలు. రోజుల తరబడి వందల కిలోమీటర్లు. మొదట అవి చూపించింది నేను. "ఎప్పటికన్న పోయి గీ ఫొటోలు తియ్యాలె" అన్నది కూడా నేను. చలిదేశాల్లో వృద్ధాశ్రమాలకు మనుషులు కావాలని ఒక ఏజెన్సీ ఫారాలిస్తుంటే ఇద్దరం చెరొకటి తెచ్చుకున్నాం. మెర్సీ నింపింది. నేను నింపలేదు. పాప చిన్నదన్నాను. ఫ్రిజ్‌లో చెయ్యి పెడితేనే నాకు జలుబు చేస్తుందని అందరినీ నవ్వించాను. అసలు కారణం భయం.

అక్కడ ముసలివాళ్ళకు సేవ చేస్తూ, సెలవుల్లో రేసులకు పోయి కుక్కలు పడుకునేందుకు గడ్డి పరిచే పనికి కుదిరింది మెర్సీ. జేబులో కెమెరా ఉండనే ఉంది. నాలుగు చలికాలాలు తిరిగేసరికి రేసు వాళ్ళే పిలిచి ఫొటోలు తీయించుకుంటున్నారు. నేను నాచారంలో మామగార్ల బట్టతలలు తుడుస్తున్నాను.

ఫొటోలు తెరిచాను. ఏం చెప్పను, కడుపులో కారం పోసినట్టయింది. అంత బాగున్నాయి. మీసాల మీద మంచు గడ్డకట్టిన కుక్కలు, ఊపిరి పొగలో సగమే కనిపించే ముఖాలు. ఆ మంచు ఎక్కడా బూడిదరంగులో లేదు. ఒకటిన్నర స్టాపు. నా పాఠం!

ఇక తప్పులు వెతకడం మొదలుపెట్టాను.

"ఏందే, మంచు గింత నీలం కొడుతుంది? తీసెయ్యాల్నా?"

"వద్దక్కా. పొద్దు పొడవక ముందు ఆడ మంచు నీలంగనే ఉంటది."

"కుక్కల కాళ్ళకు గా రంగు గుడ్డలేంది? అందం చెడగొడుతున్నయి."

"సాక్సులక్కా. మంచుగడ్డలు కాళ్ళు కోస్తయి గద. ప్రతి మజిలీల డాక్టర్లు ఒక్కొక్క కాలు పట్టుకుని సూస్తరు. బాగలేకుంటె ఆ కుక్కను పోనియ్యరు."

"కొడతరా వాటిని?"

"కొడితె ఉరుకుతయా? ఉరకకుంట ఆపుడే కష్టం. బండికి కట్టంగనే ఒకటే అరుస్తయి, ఇంకా ఇడుస్తలేరేందని."

కెమెరా బ్యాటరీలను చంకలో పెట్టుకుని వెచ్చగా కాపాడాలట. కెమెరా వెనక ఊపిరి వదిలితే అద్దం మీద గడ్డకడుతుందట. బయటి నుంచి వెచ్చటి గదిలోకి వస్తే లెన్స్ చెమట పడుతుంది కాబట్టి ముందే సంచిలో మూట కట్టాలట. చెబుతూ ఎడమచేతి రెండు వేళ్ళు చూపించింది. ఒకసారి గ్లవుజు తీసి ఎక్కువసేపు ఉందట, కొసలకు ఇప్పటికీ స్పర్శ లేదు. ఎవరైనా జాలిపడాలి. నాకు ఆ వేళ్ళ మీద కూడా అసూయ కలిగింది. పొరుగింటి పుల్లకూర రుచంటారు, నాకు పొరుగింటి దెబ్బ కూడా రుచిగానే కనిపించింది.

ఏ రంగూ మార్చొద్దని, దుమ్ము ఉంటే మాత్రం తీసేయమని చెప్పి మెర్సీ వెళ్ళిపోయింది. నేను వరసగా పని చేసుకుంటూ పదిహేడో ఫొటోకు వచ్చాను. అన్నిటికంటే పెద్దది, ఐదడుగుల ప్రింటు. గడ్డకట్టిన నది, పైన ఆకాశం, రెండూ తెలుపే. కుడివైపు దూరంగా సన్నటి నల్ల గీత, కనురెప్ప వెంట్రుక ఊడి పడ్డంత. అలవాటుగా, కంప్యూటర్లో నలుసులు తుడిచే బ్రష్ తీసుకున్నాను. అలవాటుగానే ముందు జూమ్ చేశాను. అది వెంట్రుక కాదు. దారానికి గుచ్చిన మినపగింజల్లా ఆరు కుక్కలు, వెనక ఒక బండి, బండి మీద వంగి నిలబడ్డ మనిషి.

జూమ్ తగ్గించాను. మళ్ళీ వెంట్రుకైపోయింది.

ఆ ఫొటో నాకు అర్థమైంది. అంత తెలుపులో అంత చిన్న ప్రాణం. ఢిల్లీ ఆయన దీని ముందే ఆగుతాడని అర్థమైంది. ఇలాంటిది నేను జన్మలో తీయలేనని కూడా అర్థమైంది. అప్పుడు బ్రష్ రెండుసార్లు నొక్కాను. నది ఖాళీ అయింది. ఎవరైనా అడిగితే దుమ్మనుకున్నానంటాను. స్పాటింగ్ చేసేవాళ్ళకు అంతకంటే నమ్మదగ్గ అబద్ధం ఉండదు. రజిత చేతిలో నలుసు మిగలదని అందరికీ తెలుసు కదా.

మా ల్యాబు యజమాని రావుగారిది గుంటూరు. ప్రతి పెద్ద ప్రింటునూ స్వయంగా చూస్తారు. దీని ముందు నిలబడి కళ్ళజోడు పైకీ కిందికీ జరిపారు.

"ఇదేంటమ్మా, ఇందులో ఏమీ లేదే?"

"ఆర్ట్ ఫొటో అండి" అన్నాను.

"ఏం ఆర్టో ఏమో. ప్రింటు మాత్రం కడిగిన ముత్యంలా ఉంది" అని మెచ్చుకుని వెళ్ళారు.

శుక్రవారం పొద్దున మెర్సీ ఆటో తీసుకుని వచ్చింది. అన్నీ బోర్డు మీద అతికించి, బబుల్ షీటు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. అలాగే ఎక్కించుకుని పోతుందనుకున్నాను. తను నేరుగా పెద్దదాని దగ్గరికి పోయి షీటు విప్పింది. కాసేపు చూసింది. దగ్గరికి పోయి, ముఖం ఆనించేంత దగ్గరగా చూసింది.

"అక్కా, ఈడ మనిషుండె."

"మనిషా? ఏడ? దుమ్మనుకుని తీసేసినట్టున్న" అన్నాను. గొంతు వణకలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

కోప్పడుతుందనుకున్నాను. మెర్సీ నెత్తి కొట్టుకుని నవ్వింది.

"నీ కన్ను గంతేనక్కా, సుక్క కనవడితె ఊకోదు. తప్పు నాదే, నీకు జెప్పాల్సింది." తర్వాత ఆ ఖాళీ నది మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. "ఆమె ఆఖరామె. అరవై దాటినయి, స్కూల్ బస్సు నడుపుతది. గెలిచినాయన ముందురోజే వచ్చిండు, ఫొటోలు దిగిండు, పన్నడు. ఫొటోగ్రాఫర్లందరు ఆయన ఎంబడే పోయిన్రు. ఆడ ఒక రివాజున్నదక్కా. ఆఖరి బండి వచ్చేదాక ఒక లాంతరు వెలుగుతనే ఉంటది. వచ్చినంక ఆమెనే ఆర్పాలె. నేను నది ఒడ్డుకు పదకొండు గంటలు కూసున్న. ఒక్కదాన్నే."

"ఎందుకే గంతసేపు?"

నా వైపు వింతగా చూసింది. "నువ్వే జెప్పినవ్ గదక్కా. అప్పగింతలు అయ్యేదాక కెమెరా లోపల పెట్టొద్దని."

ఔను, చెప్పాను. పెళ్ళిలో తాళి కట్టడం అందరూ తీస్తారు. భోజనాల తర్వాత అందరూ సర్దేసుకుంటారు. కూతుర్ని అప్పగించేటప్పుడు తండ్రి ముఖం ఉంటుంది చూడు, అసలు ఫొటో అది, దానికోసం ఆగాలి అని బస్టాపులో చెయ్యి పట్టి ఆపి మరీ చెప్పాను. నేను మరిచిపోయాను. తను మంచులో పదకొండు గంటలు గుర్తుపెట్టుకుంది.

అక్కడే ఆగిపోయి ఉంటే నా పేరు, నా అబద్ధం రెండూ క్షేమంగా ఉండేవి. తను నన్ను నమ్మేసింది కూడా. ఆ నమ్మకాన్ని భరించడమే నా వల్ల కాలేదు.

"దుమ్మనుకోలే మెర్సీ. జూమ్ జేసి సూసిన. కుక్కలు కనవడ్డయి, మనిషి కనవడ్డది. సూసే తుడిసిన. నీ మీద ఏడ్పుతోని తుడిసిన."

మెర్సీ నన్ను చూడలేదు. ఫొటోనే చూస్తూ అడిగింది.

"ఎన్ని కుక్కలు కనవడ్డయి?"

"ఆరు."

"ఏడు" అంది. "అసలు ఫైలు తెరువు."

తెరిచాను. జూమ్ చేశాను. ఆరు కుక్కలు, బండి, మనిషి. "ఇంకా" అంది. ఇంకా పెద్దది చేశాను. బండి ముందు భాగంలో సంచిలాంటిది ఉంది. దాని అంచు పైన రెండు చిన్న మొనలు. చెవులు. నడవలేకపోయిన కుక్కను సంచిలో కూర్చోబెట్టుకుని, మిగిలిన ఆరింటితో నెమ్మదిగా వస్తోందామె. ఆఖరున రావడానికి కారణం అదే.

"గందుకే ఆలస్యమైంది ఆమెకు" అని మాత్రం అంది మెర్సీ.

ఆ పూటే మళ్ళీ ప్రింటు తీశాను. బోర్డుకు నేనే అతికించి, ఆరేదాకా నిలబడ్డాను. రావుగారు వచ్చి ఈసారి చాలాసేపు చూసి "మొన్న ఈ మనిషి ఎక్కడికెళ్ళిందమ్మా?" అన్నారు. "నేనే తీసేశానండి" అన్నాను. మెర్సీ సాయంత్రం వచ్చి ప్రింట్లన్నీ ఆటోలో పెట్టించుకుంది. చాయ్ తాగమంటే వద్దంది. ఎప్పుడూ అనేది కాదు.

శనివారం హబ్సిగూడ వెళ్ళి హాల్లో వెనక నిలబడ్డాను. ఢిల్లీ ఆయన పదిహేడో ఫొటో దగ్గర ఆగి, వంగి, కళ్ళజోడు తీసి చూశాడు. మెర్సీ ఆయన పక్కనుంచే నన్ను చూసి తల ఊపింది, దగ్గరికి రాలేదు. పుస్తకం ఖాయమైందని తర్వాత వేరేవాళ్ళ ద్వారా విన్నాను. విన్నప్పుడు సంతోషించానా అంటే, సగం. మిగతా సగం మామూలే. అసూయ జలుబులా తగ్గిపోతుందనుకునేవాళ్ళకు నా అనుభవం పనికిరాదు.

ఆ ఫొటో నాకు నేర్పింది మాత్రం ఒకటుంది. అసూయకు చూపు బాగానే ఉంటుంది. తనకు కావలసినంత చూసి అక్కడితో ఆపేస్తుంది. నాది ఆరు దగ్గర ఆపింది. అప్పటి నుంచి ఎవరు ఫొటో తెచ్చినా ఇందులో ఎవరెవరున్నారో చెప్పండని అడుగుతున్నాను. "ఫొటోల కనవడుతలేరా మేడమ్?" అని స్టూడియోల వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఏడాది తిరిగాక, మొన్న ఏప్రిల్‌లో మెర్సీ నుంచి ఒక ఫోల్డరు వచ్చింది. కొత్త రేసు, ముప్ఫై ఫొటోలు. పలకరింపు లేదు, కుశలప్రశ్న లేదు. ఒకటే వాక్యం: "అక్కా, ఈసారి ప్రతి ఫొటో కింద ఎవరెవరున్నరో రాసిన."

మొదటిది తెరిచాను. మంచు తుపాను. ఎప్పటిలాగే కడుపులో మండింది. కింద రాసి ఉంది: మనిషి ఒకరు, కుక్కలు తొమ్మిది, వెనక కొండ మీద కాకి ఒకటి. తెర దగ్గరికి జరిగి వెతికాను. కాకి దొరికేదాకా బ్రష్ ముట్టుకోలేదు.