సరోజమ్మ పడవకు నేను తెచ్చిన చాపలు

సముద్రం లేని వేలూరులో పడవ ముంచిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వండి, ఫరవాలేదు. నేనూ సగం దాకా నవ్వుతూనే చెబుతాను.

దేశంలోకి కొత్త కార్లు, కొత్త కోలాలు, కేబుల్ టీవీ దిగబడుతున్న రోజులు. తమిళనాట వేలూరు పక్కన గుడియాత్తంలో మా నాయన మేస్త్రీ. నేను ఆయన వెనక తిరుగుతూ ఇటుకలు లెక్కపెట్టేవాణ్ణి. మనసు మాత్రం పళ్ళికొండ హైవే మీద ఉండేది. అక్కడ హోటలు పెట్టాలి. అదీ మామూలు హోటలా? పడవలో హోటలు! బెంగుళూరు బస్సులన్నీ బ్రేకులేసి ఆగిపోవాలి.

"పడవ యాడుండాదిరా?" అన్నాడు నాయన.

"కాట్పాడిలో ఉండాది నాయనా. ఫ్రాన్సుది, పాతకాలంది. అట్లాంటిది మన దేశంలో ఇంకోటి లేదంట."

"ఉండదు. దాన్ని కొనే ఎర్రోడు కూడా ఇంకోడు లేడు."

పడవ సరోజమ్మది. రిటైరైన నర్సు, మా తెలుగావిడే. ఆమె భర్త ఫ్రాన్సు దొర. ఆ పడవలో ఒంటరిగా సముద్రాలు దాటి పుదుచ్చేరి చేరాడట. జబ్బుచేసి వేలూరు ఆసుపత్రికి వచ్చి, మందులిచ్చిన నర్సునే పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయాడట. పడవను లారీలో తెప్పించుకున్నాడు. బాగుచేసి, ఆమెను ఎక్కించుకుని సముద్రంలోకి తీసుకెళతానని మాటిచ్చాడు. పని పూర్తికాకుండానే పోయాడు. పడవ పెరట్లో, మునగచెట్టు పక్కన, ఇటుకల మీద, నడుమ పొడుగాటి కొయ్యతో నిలబడి ఉంది.

"నీళ్ళలో దించేవాళ్ళకే ఇస్తానప్పా," అంది సరోజమ్మ. "నీళ్ళ సంగతి చూసుకున్నావా?"

"నీళ్ళకేం కొదవ లేదమ్మా!" అన్నాను. అబద్ధం కాదండీ. పళ్ళికొండలో హోటలుకని చూసిన స్థలంలో బోరు వేయించాను. చుట్టూ సిమెంటు తొట్టి కట్టి, పడవను అందులో పెట్టాలని నా ప్లాను.

"నన్ను కూడా ఎక్కించుకుంటావా?"

"మొదటిరోజు ఎక్కేది మీరేనమ్మా!" ప్రారంభోత్సవానికి మరి ఆమెను పిలవనా?

"ఒకటే కొరత నాయనా. పాయి లేదు. ఎలకలు కొట్టేసినాయి."

బాయి అని వినబడింది; మావైపు బాయి అంటే సాయిబు, సాయిబును ఎలకలు కొట్టెయ్యడమేమిటని హడలిపోయాను. తర్వాత తట్టింది. పాయి! తమిళంలో చాప! మేం తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించే జనం కదా.

"దానికేముందమ్మా! గుడియాత్తంనుంచి కొత్తవి తెస్తా."

"మా ఆయనది చానా పెద్ద పాయి."

"ఎంత పెద్దదైనా నేయిస్తా!"

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. చాపల కోసం అంత సంతోషించే మనిషిని నేనెక్కడా చూడలేదు.

వారం తిరక్కుండా లారీతో దిగాను. సరోజమ్మ కొత్త చీర కట్టుకుని, చేతిసంచిలో దొర ఫోటో, చిత్రాన్నం పొట్లం పెట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది.

"పాయి యాడప్పా?"

గర్వంగా చాపలు దించి పరిచాను. ఎర్ర అంచు, నడుమ జంట నెమళ్ళు. పెళ్ళిళ్ళకు వేసే రకం.

ఆమె చాపను చూసింది. పడవ మీది కొయ్యను చూసింది. "ఇది పండుకునే పాయి కదప్పా. నేనడిగింది పడవ పాయి. తెరచాప. గాలికి కట్టేది."

తమిళంలో రెండింటికీ ఒకటే మాట. నాకు ఒకటే అర్థం తెలుసు. అక్కడితో నోరు మూసుకోవచ్చు కదా? మూసుకోలేదు.

"గాలికేమమ్మా, హోటల్లో ఫ్యాన్లు పెడతా ఉండాం."

"హోటలా?" అంది. "సముద్రానికి పొయ్యేది లేదా?"

"పళ్ళికొండకమ్మా."

ఆమె పక్కున నవ్వింది. గండం గడిచిందనుకుని నేనూ నవ్వాను. కాసేపటికి నేనొక్కణ్ణే నవ్వుతున్నానని తెలిసింది.

"ఆ పాయే కట్టు," అంది సరోజమ్మ.

నేనూ లారీ డ్రైవరూ ఆ పెళ్ళిచాపను తాళ్ళతో కొయ్యకు కట్టాం. ఆమెను చెయ్యి పట్టి ఎక్కించాను. ఫోటో ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. చాప గాలికి టపటపా కొట్టుకుంది. పడవ ఇటుకల మీదనే ఉంది.

"పోతా ఉండామా నాయనా?"

"పోతా ఉండామమ్మా," అన్నాను.

చిత్రాన్నం పొట్లం విప్పి నాకు సగం పెట్టింది. పడవ అంచు మీద కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాను. పడవ ఆమె అమ్మనూ లేదు, నేను అడగనూ లేదు.

కాబట్టి సకల జనులకూ తెలియజేయునది ఏమనగా: ఇకమీదట ఏ ముసలమ్మ ఏమడిగినా "దానికేముంది" అని ఎగిరి గంతెయ్యను. "ఏ పాయమ్మా? యాడికి పోవాలమ్మా?" అని ముందు అడుగుతాను. సముద్రానికే అంటే, నోరు మూసుకుని బస్సెక్కించి తీసుకెళతాను. ఆ రోజు ఆ మాట నాకు తట్టనే లేదు.