బూచి మెడలో నా బెల్టు

పోలియో కాలికి ఇనప కమ్ముల బూటు కట్టుకుని, రోజూ మా కుక్క బూచితో కాలవగట్టు మీద మెల్లగా నడుస్తాను. ఈ సాయంత్రం కుక్కలు పట్టేవాళ్లు ఎదురయ్యారు. చూస్తుండగానే బూచి మెడలో ఉచ్చు పడింది.

"మా కుక్కండీ!"

"బెల్టు లేదు కదండీ. లేకపోతే ఊరకుక్కేనండీ, ఆర్డరు" అన్నాడు ఉచ్చుకర్ర పట్టుకున్నాయన.

పొద్దున్న దానికి స్నానం చేయించి, బెల్టు దండెం మీద ఆరేసింది నేనే. గట్టు మీదే కూలబడి, నా బూటు తోలుపట్టీ ఊడదీసి బూచి మెడకు కట్టాను.

"ఇప్పుడుందాండీ?"

ఆయన నా కాలి వంక చూశాడు. "ఆయ్, ఉందండీ. ముందు ఇంకో జట్టుంది, పట్టీ తియ్యకండే" అని ఉచ్చు విప్పేసి, ఊతానికి ఆ కర్ర నాకే ఇచ్చాడు.

దాని సాయంతోనే ఇల్లు చేరాను. బూచి మాత్రం ఆ కర్రను చూసి దారంతా నా పక్కకు రాలేదు. దానికెలా నచ్చజెప్పాలో మీరెవరైనా చెప్పండి.