మోడం పట్టిన సముద్రం

బేతంచెర్ల రైల్వే స్టేషన్ రోడ్డులో వసంత్ ఫోటో స్టూడియో ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ముప్పై ఏళ్లు దాన్ని నడిపినాయన వసంతకుమార్. నాలుగేళ్ల కిందట ఆయన పోయాక కెమెరా భార్య ప్రసన్నకుమారి మెడలోకి వచ్చింది. ఊరంతా బండల పాలిష్ ఫ్యాక్టరీల తెల్లపొడి. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అలాంటి ఊళ్లో ఆ స్టూడియో లోపల మాత్రం ముప్పై ఏళ్లకు పైగా సముద్రం ఉండేది.

పెళ్లయిన కొత్తలో వసంతకుమార్ పొడిరంగులు జిగురులో కలిపి తన చేత్తో గీసిన తెర అది. నీలం నీళ్లు, పసుపుపచ్చ ఇసుక, ఒక పక్క వంగిన కొబ్బరిచెట్లు, ఓ మూల పడవ. గీసినాయన సముద్రం మొహం చూసి ఎరగడు. క్యాలెండర్లు ముందు పెట్టుకుని గీశాడు. ఊళ్లో ఆ తెర ముందు నిలబడని జంట ఉందంటే నేను నమ్మను. జనం వీపులు ఆనీ ఆనీ నడుమ రంగు ఊడిపోయి తెల్లగుడ్డ బయటపడింది. అయినా ఎవరూ పట్టించుకోలేదు. ఆ చోట ఎప్పుడూ మనుషులే నిలబడతారు కదా.

మొన్న ఏప్రిల్‌లో గాలివానకు స్టూడియో పైరేకు లేచిపోయింది. పొద్దున ప్రసన్నకుమారి తలుపు తీసేసరికి సముద్రం గోడ దిగి వచ్చి బండల మీద నీలంగా మడుగు కట్టి ఉంది. చీపురు పట్టుకుని ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు పదిమందిలో ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు.

ఫోన్లు వచ్చాక స్టూడియో గడప తొక్కేవాళ్లే తక్కువ. ఆ కాస్తమందీ తెర కోసం వచ్చేవాళ్లు. ఇక వాళ్లూ రారు. స్టూడియో వెనక గదులు మరిది జయరాజ్‌వి. ముందు భాగం కూడా కలుపుకుని బండల షోరూం పెట్టాలని అతనికి ఎప్పటినుంచో ఉంది. చెడ్డవాడేమీ కాదు, నెమ్మదిగానే చెప్పాడు.

“క్రిస్మస్ దాకా సూద్దాం వదినా. జనం రాకుంటే మూసేద్దాం.”

మూస్తే ఎలా బతకాలన్నది ఆమె బెంగ కాదు. మూస్తే వసంతకుమార్ పేరున్న బోర్డు దించాలి. ఆ పని తన చేతుల మీదుగా జరగకూడదని ఆమె పట్టుదల.

ఆ ఏడు చర్చి స్త్రీల సమాజం వాళ్లు అండమాన్ వెళ్తున్నారు. అంతకుముందు రెండుసార్లు రానని చెప్పిన ప్రసన్నకుమారి, తెర పోయిన మర్నాడే వెళ్లి పాస్టరమ్మ రెజీనా దగ్గర పేరు రాయించుకుంది. అసలు సముద్రాన్నే ఫోటో తీసుకొచ్చి, కర్నూల్లో గోడంత ఫ్లెక్సు కొట్టించి తెర కట్టాలని ఆమె ఆలోచన.

మే నెలాఖరున పద్నాలుగు మంది ఆడవాళ్లు చెన్నైలో విమానం ఎక్కారు. దీవిలో దిగిన గంటకే ప్రసన్నకుమారి అందరికీ చిరాకు తెప్పించింది. తెర కోసం తీసే ఫోటోకు ఒక పద్ధతి ఉంది. నడుమ ఏదీ ఉండకూడదు, అది మనుషులు నిలబడే చోటు. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత నడుముకు కిందనే ఉండాలి. పైకి వస్తే తెర ముందు నిలబడ్డవాళ్ల మెడలు కోసినట్టు కనబడుతుంది. అందుకని ఆమె ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, కెమెరా మూతి ఆకాశం వైపు ఎత్తి, అడ్డం వచ్చినవాళ్లనల్లా పక్కకు జరగమనేది. మమ్మల్ని తీయకుండా ఉత్త జాగా తీస్తాండావేందని వాళ్లు మూతి ముడుచుకున్నారు.

కెమెరా అలా ఎత్తితే ఫోటోలో రెండొంతులు ఆకాశమే. మొదటి మూడు రోజులూ ఆ ఆకాశం ఒక్క మరక లేకుండా నీలంగా ఉంది. తోటివాళ్లు మురిసిపోయారు. ప్రసన్నకుమారికి మాత్రం చెయ్యి ఆడలేదు. ఇట్లాంటి ఆకాశం బేతంచెర్లలో ఏడాదికి పది నెలలు ఉంటుంది. దీనికోసం విమానం ఎక్కి రావాలా? ఏవో కొన్ని తీసి ఊరుకుంది.

నాలుగో రోజు హేవ్‌లాక్ దీవిలో ఉండగా మోడం పట్టింది. మబ్బును మన సీమలో మోడమే అంటారు. పడమటి నుంచి నల్లగా, బరువుగా, పొరల మీద పొరలుగా వచ్చి నీళ్ల మీద నిలబడింది. కింద సముద్రం ముదురాకుపచ్చగా మారింది. ఆమె కెమెరా చేతికి తీసుకుంది. గైడు వచ్చి వాతావరణం పాడైపోయింది, క్షమించండని హిందీలో అన్నాడు. పాస్టరమ్మ తెలుగులో చెబితే ప్రసన్నకుమారికి నవ్వొచ్చింది. మోడం పడితే పాడవడం ఏమిటి? మోడం పట్టిన రోజునే మంచి రోజనడం ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి విన్నది. రెండు రోజులు కెమెరాకు ప్లాస్టిక్ కవరు చుట్టి, తాను తడుస్తూ తీసింది. కార్డు నిండిపోతే ముందు తీసిన నీలం ఫోటోలన్నీ తుడిచేసి మరీ తీసింది.

కర్నూల్లో ఫ్లెక్సు కొట్టే ఖాజావలి ఆ ఫోటోలన్నీ కంప్యూటర్లో ఓపిగ్గా చూశాడు.

“ఎండ ఫోటో ఒక్కటన్నా లేదే అక్కా. పెండ్లోళ్లు ఈ చీకట్లో నిలబడతారా?”

అప్పటిదాకా ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. తోటివాళ్ల ఫోన్లలో నీలం సముద్రం బోలెడంత ఉంది గానీ దాని నడుమ వాళ్లే ఉన్నారు. ఏ దేశానిదో ఒక నీలం సముద్రం తన దగ్గరే ఉందని, అది కొట్టి ఇస్తానని ఖాజావలి మంచిమాటగా అన్నాడు. తన కళ్లతో చూసి తెచ్చుకున్న సముద్రాన్ని వదిలి ఎవరిదో గోడకు కట్టుకోవడానికి మనసొప్పలేదు.

“ఇదే కొట్టప్పా,” అంది.

తెర కట్టింది. జూన్, జూలై గడిచాయి. ఒక కొత్త జంట లోపలికి తొంగిచూసి, నల్లగుందే ఆంటీ అని వెళ్లిపోయింది. ఇంకో ఇద్దరూ అంతే. జయరాజ్ ఒకరోజు వచ్చి గోడను టేపుతో కొలుచుకుని పోయాడు. ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆగస్టులో గనిలో పనిచేసే ముసలి దంపతులు బసవన్న, గిడ్డమ్మ ఏదో కార్డు కోసం చిన్న ఫోటోలు దిగడానికి వచ్చారు. కోసిగి పక్క పల్లెవాళ్లు. వానల్లేక నాలుగెకరాల చేను బీడు పడితే పన్నెండేళ్ల కిందట ఇక్కడికి వచ్చి గుడిసె వేసుకున్నారు. తెల్లగోడ ముందు ఇద్దరి ఫోటోలూ అయ్యాయి. బయటికి పోబోతూ గిడ్డమ్మ తెర ముందు ఆగిపోయింది.

“ఈ మోడం యాడిదమ్మా?”

సముద్రం మీదిదని ప్రసన్నకుమారి చెప్పింది. గిడ్డమ్మ కొంగు తీసి తలమీద వేసుకుంది, వాన వచ్చేముందు చేలో ఆడవాళ్లు వేసుకున్నట్టు. పోయి దాని ముందు నిలబడింది. రమ్మంటే బసవన్న కూడా వచ్చి పక్కన నిలిచాడు. ఇటు చూడండని ప్రసన్నకుమారి రెండుసార్లు పిలిచింది. వాళ్లు తిరగలేదు. ఇద్దరూ తెర వైపే చూస్తున్నారు.

“ఇంత మోడం మా సేను మింద నిలబడింటే,” అన్నాడు బసవన్న, “మేము ఈడికి బండలు మోయను వస్తాంటిమా తల్లీ.”

ప్రసన్నకుమారి ఇక పిలవలేదు. వాళ్ల వీపులనే, వాళ్ల ముందున్న మోడాన్నే ఫోటో తీసింది. ఒకటి వాళ్లకిచ్చి, ఒకటి పెద్దది చేసి బయట అద్దంలో పెట్టింది.

మరుసటి ఆదివారం గిడ్డమ్మ తన వరసవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఆపై ఆదివారం ఆలూరు, ఆస్పరి పక్కల నుంచి వలసొచ్చి గనుల్లో పనిచేసేవాళ్లు వచ్చారు. వాళ్లు ఆ ఫోటోలను ఊళ్లకు పంపుకునేవాళ్లు. ఫోన్లో తీసుకుంటామన్న వాళ్లు లేరు, మోడం ఫోన్లో లేదు కదా. నవంబరు వచ్చేసరికి ఆదివారాలు చర్చి వదిలాక గడప ముందు చెప్పులు ఎక్కువై వరండా దాకా పరుచుకున్నాయి.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక జయరాజ్ భార్యాపిల్లలతో వచ్చాడు. అతను పెట్టిన గడువు ఆ రోజుతో తీరింది. అతను తెర వైపు కాసేపు చూసి, మమ్మల్నీ తియ్యి వదినా అన్నాడు. కొత్త చొక్కా జేబులో కొలిచే టేపు ఉబ్బెత్తుగా కనబడుతుందని తీసి బల్ల మీద పెట్టాడు. ఫోటో అయ్యాక పిల్లల్ని పిలుచుకుని, టేపు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ప్రసన్నకుమారి చూసింది. వెనక్కి పిలిచి ఇవ్వలేదు.