భూమేష్ తీసేసిన పట్టిక

లింబాద్రి సౌదీలోని అల్ ఖర్జ్‌లో పాల డెయిరీ ల్యాబ్‌లో పనిచేస్తాడు. వచ్చిన ప్రతి ట్యాంకరులోనూ వెన్నశాతం చూడాలి. ఊరు మెట్‌పల్లి, బీఎస్సీ అక్కడే చదివాడు. పుట్టి నాలుగు నెలలైన కూతుర్ని ఫోన్‌లో తప్ప చూడలేదు. వచ్చే నెల ఆ పిల్లకు అన్నం ముట్టించడం. అదే వారం కోరుట్లలో, అదే ల్యాబ్‌లో పనిచేసే భూమేష్ కొత్తింటి గృహప్రవేశం.

"ఇద్దరికీ సెలవు కుదరదు. ఎవరు పోతారో శనివారంలోగా మీరే తేల్చుకోండి," అన్నాడు ల్యాబ్ పెద్ద జమాలుద్దీన్.

"పోకర్ ఆడుదాం తమ్మీ," అన్నాడు పక్క మంచం భూమేష్. "పైసలు లేవు, ఉత్త చిప్పులే. యాప్ నువ్వే ఎంచు. ఓడినంక యాప్ మంచిది కాదనొద్దు."

డబ్బు పెట్టే యాప్‌ల జోలికి లింబాద్రి పోడు. దొరికితే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా పోతుంది, ఉద్యోగమూ పోతుంది. మూడు ఉచిత యాప్‌లు దించుకుని వారమంతా పరీక్షించాడు. మొదటిది ఆలోచనకు పది సెకన్లే ఇచ్చింది. రెండోది, ఓడినప్పుడల్లా చిప్పులు దానం చేసింది. చేజారినవి తిరిగొస్తుంటే జాగ్రత్తగా ఆడేదెవరు? తనది పంచిన పది చేతుల్లో ఏడు వదిలేసి, మిగిలిన మూడు నింపాదిగా ఆడే పద్ధతి. మూడోది ముప్పై సెకన్లు ఇచ్చింది. ఇద్దరికీ సమానంగా చిప్పులిచ్చింది. అయిపోతే మళ్లీ ఇవ్వలేదు. ఇదే తన యాప్.

దానిలో ఒక పక్కన ఏ ముక్కల చేయి పెద్దదో చెప్పే పట్టిక ఉంది. భూమేష్ మూడు ముక్కల తీన్ పత్తా ఆడి పెరిగినవాడు. అందులో ఒకే గుర్తు ముక్కల కలర్ కన్నా వరుస ముక్కల సీక్వెన్స్ పెద్దది. పోకర్‌లో తలకిందులు. ఆట పెట్టేవాడిగా ఇద్దరికీ పట్టిక మూసేస్తే గెలుపు తేలికే. కానీ కాటా సరిగా లేని ల్యాబ్‌లో వచ్చిన లెక్క లెక్క కాదు. పట్టిక తెరిచే ఉంచాడు.

శుక్రవారం భోజనాలయ్యాక ఇద్దరూ చెరో మంచం మీద కూర్చున్నారు. భూమేష్ ఆటలోకి రాగానే తన ఫోన్‌లో పట్టిక తీసేశాడు.

"తియ్యకు అన్నా. ఇండ్ల సీక్వెన్స్ కన్నా కలరే పెద్దది."

"చిన్నప్పటి సంది ఆడుతున్న. నాకే నేర్పుతవా? సగం ఫోను అదే మింగింది."

గంట దాటింది. లింబాద్రి చేతులు వదిలేస్తూనే ఉన్నాడు. "గిట్ల ఆడితే నీ బిడ్డ నడవనేర్చి ఇక్కడికే వస్తది!" అని భూమేష్ వెక్కిరించాడు.

తెర మీది బల్లపై ఇద్దరికీ ఉమ్మడిగా ఆటీను ఐదు, ఏడు, రాజు, ఇస్పేటు ఆరు, కళావరు రెండు పడ్డాయి. భూమేష్ చిప్పులన్నీ తోసేశాడు. లింబాద్రి చేతిలో ఆటీను ఆసు, నాలుగు; కలిపితే ఐదు ఆటీన్లు, కలర్. ఇరవై సెకన్లు తీసుకున్నాడు. దీన్ని కొట్టే చేతులు ఈ బల్ల మీద లేవు. తనవీ తోశాడు.

"ఎనిమిది, తొమ్మిది! సీక్వెన్స్!" భూమేష్ మంచం దిగి చిందేశాడు. కానీ తెర మీద చిప్పులన్నీ లింబాద్రి వైపు జరిగాయి.

"యాప్ ఖరాబైంది తమ్మీ!"

లింబాద్రి పట్టిక తెరిచి చూపించాడు. భూమేష్ రెండుసార్లు చదివాడు. మంచం మీద కూలబడ్డాడు. తర్వాత నవ్వాడు.

"మొదలే చెప్పినవ్ గదా, నా నోటితో నేనే కాదన్న. పో, బిడ్డకు నీ చేత్తోని బువ్వ పెట్టు. కోరుట్ల నీకు దారిలనేనాయె. మా ఇంట్ల పాలు పొంగేటప్పుడు నా జాగల నువ్వు నిలవడు."

"నిలవడ్త అన్నా," అన్నాడు లింబాద్రి. సెలవు కాగితం తీసి, భార్య సృజనకు చెప్పకముందే, మొదటి గడిలో తన పేరు రాసుకున్నాడు.